కుక్క మొరగలేదంటే హంతకుడు ఇంటివాడేనా?

పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) పక్కన రైతు శవం పడి ఉంది. పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడానికి వేకువన వచ్చిన మనిషి మొదట చూశాడు. ఇంటి ముందు కుక్క ఉంది కానీ రాత్రి అది మొరగలేదని పక్కింటావిడ చెప్పింది. ఎస్సై కాసేపు ఆలోచించి "అయితే ఇది తెలిసినవాళ్ళ పనే" అంటాడు. డిటెక్టివ్ నవలలు చదివే అలవాటున్నవాళ్ళకి ఈ ఘట్టం ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. 1892లో ఆర్థర్ కానన్ డాయిల్ ఒక షెర్లాక్ హోమ్స్ కథలో మొరగని కుక్కను ఆధారంగా వాడాడు. 130 ఏళ్ళు దాటాక ఇప్పుడు ఆ వాక్యం కనబడగానే పాఠకుడు ఇంట్లోవాళ్ళ పేర్లు లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

అంతకన్నా పెద్ద చిక్కేమిటంటే ఆ తీర్మానం చాలాసార్లు తప్పు. గాలి ఎటు వీస్తోంది, చుట్టూ ఏం చప్పుడవుతోంది, కుక్క వయసెంత, కట్టేసి ఉందా వదిలేసి ఉందా, ఏ నెల నడుస్తోంది, ఇన్నిటి మీద ఆధారపడుతుంది దాని మొరుగు. ఇవన్నీ తెలిసిన రచయితకి కుక్క ఒక్క ఆధారం కాదు, పది ఆధారాలు ఇస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కథ పెట్టుకున్నవాళ్ళకి మరీ ఎక్కువ. సముద్రం, రొయ్యల చెరువులు, పొగాకు చేలు, గ్రానైట్ క్వారీలు కొద్ది దూరంలోనే ఉన్నాయి, ఒక్కోచోట కుక్క బతుకు ఒక్కో తీరు.

గాలి ఎటు వీస్తోంది?

మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహక కణాలు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. అయితే ఎంత గొప్ప ముక్కైనా వాసన దాని దాకా వస్తేనే కదా. మోసుకొచ్చేది గాలి.

కొత్తపట్నం నుంచి తుమ్మలపెంట మీదుగా మైపాడు దాకా తీరం పొడుగునా సముద్రం తూర్పున, ఊళ్ళు పడమట. ఎండాకాలం ముందు నెలల్లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా, వాన లేని రోజుల్లో గాలి ఒక పద్ధతిగా తిరుగుతుంది. పగలు నేల త్వరగా వేడెక్కి సముద్రం మీది గాలిని ఊరి వైపు లాగుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి ఊరి నుంచి సముద్రం వైపు మళ్ళుతుంది. ఇప్పుడు తీరానికి ఫర్లాంగు దూరంలో ఒక ఇల్లు, అరుగు మీద కుక్క, అర్ధరాత్రి ఒంటిగంట అనుకోండి. ఊరి వైపు నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ వాసన వాళ్ళకంటే ముందే కుక్కను చేరుతుంది. పడవ దిగి ఇసుకలో నడిచి తూర్పు నుంచి వచ్చినవాడి వాసన మాత్రం వెనక్కి, సముద్రం మీదికి పోతుంది. అడుగుల చప్పుడు ఇసుక మింగేస్తుంది, మిగిలింది అలల హోరులో కలిసిపోతుంది. కుక్క నిద్రలోనే ఉంటుంది.

డిటెక్టివ్‌కి ఆ నిశ్శబ్దం చెప్పేది దిక్కు. చుట్టరికం సంగతి దానికి తెలియదు. ఎస్సై ఇంట్లోవాళ్ళని ప్రశ్నిస్తూ ఉంటే, కథానాయకుడు రాత్రి ఒంటిగంటకి అరుగు మీద అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూస్తే చాలు. అధ్యాయం అక్కడ ముగించవచ్చు.

ఈ లెక్కకి హద్దులున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి, వాయుగుండాల రోజులు, కాబట్టి నెల్లూరు వానాకాలంలో నడిచే కథకి ఇది పనికిరాదు. మే నెలలో పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి మధ్యాహ్నం ఎప్పటికో గానీ తిరగదు. లోపలికి, కనిగిరి, ఉదయగిరి దాకా వెళ్ళాక తీరపు గాలిని నమ్ముకుని కథ అల్లకూడదు. తేదీ వేసేముందే రచయిత ఏ నెలో తేల్చుకోవాలి.

చప్పుడు సంగతి వేరు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా వింటుంది. ఇంటి యజమాని మోటారు సైకిల్‌ని వీధి మలుపులోనే గుర్తుపడుతుంది. ఈ చెవీ ముక్కూ ఒకే మాట చెప్పనప్పుడు కుక్క ఏం చేస్తుందో రాయగలిగితే, అదొక్కటే పది వర్ణనల పెట్టు. యజమాని బండిని వేరేవాడు తోలుకొచ్చాడనుకుందాం. చప్పుడు వినగానే కుక్క తోక ఊపుతూ గేటు దాకా పరిగెడుతుంది. బండి ఆగుతుంది, వాసన తగులుతుంది. తోక ఊపు నెమ్మదించి గట్టిపడుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తుంది, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, అప్పుడు మొదలవుతుంది మొరుగు. "కుక్క ముందు సంతోషంగా ఉరికింది సార్, తర్వాత అరవడం మొదలుపెట్టింది" అని ఎదురింటి పిల్లవాడు చెబితే బండి ఇంటిది, మనిషి ఇంటివాడు కాదు అని తేలుతుంది. చాలామంది రచయితలు మొరిగింది, మొరగలేదు అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతారు. వరస రాయరు. ఆధారం ఉండేది వరసలోనే.

మొరుగు కూడా ఒకే రకం కాదు. కొత్తవాళ్ళని చూసి మొరిగేది బొంగురుగా, ఊపిరి తీసుకోనట్టు గబగబా ఉంటుంది. ఒంటరిగా కట్టేస్తే అరిచేది సన్నగా, మధ్యమధ్య ఆగి ఆగి వస్తుంది. ఊళ్ళో ఎవరినడిగినా ఈ తేడా చెబుతారు. వాళ్ళ నోట చెప్పించండి.

రొయ్యల చెరువు గట్టు మీద ఇంకో మెలిక. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. ఆ హోరుకి కాపలా మనిషీ, అతని కుక్కా ఇద్దరూ అలవాటుపడి నిద్రపోతారు. వాళ్ళని లేపేది చప్పుడు ఆగిపోవడం. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య చచ్చిపోతుంది, కాబట్టి అతను లేచి జనరేటరు దగ్గరికి పరుగు తీస్తాడు. కుక్క అతని వెంటే పోతుంది. గుడిసె కాసేపు ఖాళీ. హంతకుడికి ఫ్యూజు పీకడం తప్ప వేరే తెలివి అక్కర్లేదు.

చీమకుర్తి క్వారీల దగ్గర పేలుడుకి ముందు హెచ్చరిక సైరన్ మోగుతుంది. ఆ చుట్టుపక్కల తిరిగే కుక్క నాలుగైదుసార్లు అనుభవించాక సైరన్‌కే మంచం కిందికి దూరుతుంది, పేలుడు కోసం ఆగదు. సెలవు రోజున, పేలుడు లేని పూట, కుక్క మంచం కిందికి ఎందుకు దూరింది? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక కథ నిలబడుతుంది.

చిత్త కార్తె లెక్క

మన భాషలో చిత్త కార్తె కుక్కలనే మాట తిట్టుగా మిగిలింది గానీ దాని వెనక పాత పరిశీలన ఉంది. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలై రెండు వారాలు నడుస్తుంది. ఆ రోజుల్లో వీధి కుక్కలు గుంపులు కట్టి రాత్రంతా కొట్లాడుకుంటాయి. అప్పుడు జరిగిన హత్యలో "రాత్రి కుక్కలు బాగా అరిచాయి" అన్న సాక్ష్యానికి విలువే లేదు. అప్పటి మొరుగుని తప్పుదారి పట్టించే ఆధారంగా వాడుకోవచ్చు.

అసలు బంగారం ఆ తర్వాతి లెక్కలో ఉంది. కుక్క చూలు దాదాపు 63 రోజులు. పిల్లలు పుట్టినప్పుడు కళ్ళు మూసుకుని ఉంటాయి, 10 నుంచి 14 రోజులకి తెరుచుకుంటాయి. మూడో వారంలో పాలపళ్ళు మొలుస్తాయి, మొత్తం 28. నాలుగో నెల దగ్గర అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకి 42 పళ్ళూ వస్తాయి. అంటే కుక్కపిల్ల నడిచే క్యాలెండరు.

కొండపి, కందుకూరు వైపు పొగాకు ఊరినే తీసుకోండి. జనవరిలో ఆకు కోత నడుస్తుంటుంది. బ్యారన్‌లో ఒక దఫా ఆకు కాలడానికి అయిదారు రోజులు పడుతుంది. రంగు తిరిగే దశలో 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఈనె ఆరే చివరి దశకి 70 డిగ్రీల దాకా వేడి పెంచుతారు. రాత్రీపగలూ ఎవరో ఒకరు మంట చూస్తూ ఉండాలి. ఆ గోడ వెచ్చదనానికి చూలుకుక్క అక్కడే చేరి ఈనుతుంది. జనవరి 10న ఈనిందని మంట చూసే మనిషికి గుర్తు, ఆ రోజే కొత్త దఫా ఆకు ఎక్కించారు కాబట్టి. అనుమానితుడు మాత్రం "సంక్రాంతి తర్వాత నేను ఆ బ్యారన్ వైపే పోలేదు" అంటాడు. వేరే సందర్భంలో, మాటల్లో మాటగా, "నాలుగు పిల్లలు సార్, కళ్ళు మిటకరించి చూస్తుండాయి" అనేస్తాడు. సంక్రాంతినాటికి ఆ పిల్లల వయసు నాలుగైదు రోజులు. కళ్ళు తెరవాలంటే కనీసం 20వ తేదీ రావాలి. అబద్ధం దొరికిపోయింది. ల్యాబు రిపోర్టు అక్కర్లేదు, ఊళ్ళో కుక్కల్ని పెంచిన ఏ ముసలావిడైనా తేల్చేస్తుంది.

అన్నట్టు, అదే బ్యారన్ ఇంకో పని కూడా చేస్తుంది. శవం వేడిగోడకి ఆనుకుని ఉంటే ఒళ్ళు చల్లారే లెక్క తప్పుతుంది, చనిపోయిన టైము చెప్పడంలో డాక్టరు పొరబడవచ్చు. మంట తగ్గిన దఫాలో ఆకు రంగు మాత్రం అబద్ధం చెప్పదు.

జాతి కుక్కల గురించి ఒక్క మాట. తెలుగు నేల మీద జోనంగి అనే జాతి ఉంది, కొల్లేరు చుట్టుపక్కల బాతులు కాసేవాళ్ళ వెంట ఉండేది. అది మామూలు మొరుగు కంటే కూతలాంటి గొంతు పెడుతుందని దాన్ని ఎరిగినవాళ్ళు చెబుతారు. వరి కోతలయ్యాక నెల్లూరు పొలాల్లోకి బాతుల మందలు దిగుతాయి. ఆ మంద వెంట అలాంటి కుక్క ఒకటి వచ్చిందనుకోండి, సాక్షులు "కుక్క మొరగలేదు" అని నిజాయితీగానే చెబుతారు. వాళ్ళు విన్న కూతని మొరుగు కింద లెక్కేయలేదంతే.

పోలీసు జాగిలం ఏం చేయగలదు?

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడ. నవలల్లో జాగిలం జీపు దిగుతుంది, శవాన్ని వాసన చూస్తుంది, మూడు వీధులు తిరిగి హంతకుడి కాలర్ పట్టుకుంటుంది. అలా ఉండదు. ముందుగా, ఒక్కో జాగిలానికి ఒక్కో శిక్షణ. నేరస్థుడి జాడ తీసేది వేరు, పేలుడు పదార్థాలు పసిగట్టేది వేరు, గంజాయి పట్టేది వేరు. పేలుడు పదార్థం కనిపెట్టిన కుక్క ఎగిరి మొరగదు, గోళ్ళతో గీకదు. కదలకుండా కూర్చుంటుంది. గీకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

జాడ తీసే కుక్కకి కావలసింది తాజాదనం, తేమ, జనం తొక్కని నేల. గడ్డి మీద, తడి మట్టి మీద, తెల్లవారుజామున పని బాగా సాగుతుంది. ఎండ ఎక్కిన తారు రోడ్డు మీద వాసన త్వరగా చెదిరిపోతుంది. పైగా కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, వేడిని నోటితో రొప్పి వదిలించుకుంటుంది. రొప్పుతున్నంతసేపూ ముక్కుతో సరిగ్గా పీల్చలేదు. మే నెల మధ్యాహ్నం ఒంగోలులో జాగిలం పని చేసినట్టు రాస్తే తెలిసినవాళ్ళు పుస్తకం మూసేస్తారు. అన్నిటికంటే పెద్ద శత్రువు జనం. పల్లెలో శవం కనబడిన అరగంటకి ఊరంతా చుట్టూ చేరుతుంది, ఎవరో దుప్పటి కప్పుతారు, ఇంకెవరో నీళ్ళు చల్లుతారు. క్లూస్ టీమ్ వచ్చేసరికి జాడ మీద వంద జాడలు. ఇంత చేసీ జాగిలం చాలాసార్లు బస్టాపు దగ్గరో రోడ్డు పక్కనో ఆగిపోతుంది. నిందితుడు అక్కడ బండెక్కాడని అర్థం. ఆ ఆగిపోవడాన్ని ఓటమిగా రాయకండి, అది కూడా సమాచారమే.

కారం పొడి చల్లి పోవడం పేపర్లలో తరచూ చూస్తాం. చల్లిన చోట కుక్క ముక్కు మండుతుంది, నిజమే. కానీ హ్యాండ్లర్ కుక్కని పక్కకి తీసి ఆ చోటి చుట్టూ పెద్ద వలయంలో తిప్పుతాడు. జాడ వలయాన్ని ఎక్కడో ఒకచోట దాటాలి కదా, అక్కడ మళ్ళీ అందుకుంటుంది. కాలవ దాటినా ఇదే పద్ధతి, అవతలి గట్టు మీద వెతుకుతారు. కవల అన్నదమ్ముల ట్విస్టు రాసేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2011లో చెక్ పరిశోధకులు జరిపిన పరీక్షల్లో శిక్షణ పొందిన కుక్కలు ఒకే అండం నుంచి పుట్టిన కవలల్ని కూడా వాసనతో విడదీయగలిగాయి.

కోర్టులో ఈ సాక్ష్యం బలం తక్కువ. సుప్రీంకోర్టు 1969లోనే ఒక తీర్పులో అభ్యంతరాలు చెప్పింది: కుక్క బోనెక్కి ప్రమాణం చేయలేదు, దాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయలేం, దాని తరఫున హ్యాండ్లర్ చెప్పేది విన్నమాటే అవుతుంది, మనిషి ప్రాణం, స్వేచ్ఛ కుక్క ఊహ మీద ఆధారపడకూడదు. 2001లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక హత్య కేసులోనూ కోర్టు జాగిలం సాక్ష్యాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోలేదు. కాబట్టి నవలలో జాగిలం దారి చూపించాలి, ఆ దారిలో దొరికిన చెప్పో కత్తో రక్తపు గుడ్డో కేసుని నిలబెట్టాలి.

సెక్షన్లు కూడా సరిచూసుకోవాలి. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకి ఐపీసీ 302 రాస్తే తప్పు, భారతీయ న్యాయ సంహిత 103 రాయాలి. అనుమానాస్పద మరణానికి పాత సీఆర్‌పీసీ 174 స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత 194. కుక్కకి విషం పెట్టి చంపడం న్యాయ సంహిత 325 కింద నేరం, అయిదేళ్ళ దాకా జైలు. విషపు బిస్కెట్ వేయగానే కుక్క చప్పుడు లేకుండా ఒరిగిపోయినట్టు రాయడం సినిమా పద్ధతి. నిజంలో అది చొంగ కారుస్తుంది, వణుకుతుంది, తూలుతుంది, మూలుగుతుంది. ఇల్లంతా లేస్తుంది. ఆ మూగజీవి బాధని స్విచ్ ఆఫ్ చేసినట్టు రాయడం అబద్ధమే కాదు, అన్యాయం కూడా.

కథలో కుక్క కరిస్తే పాత్రల చేత సరైన పని చేయించండి, ఎందుకంటే పాఠకులు నవల నుంచి కూడా నేర్చుకుంటారు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. కండకి వేసే రేబిస్ టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో పడుతుంది, మొదటి టీకా వేసిన రోజే 0. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతోపాటు గాయం చుట్టూ రేబిస్‌ని వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. కరిచిన కుక్కని పది రోజులు గమనిస్తారు. ఈ తేదీల చీటీ మీ అనుమానితుడి జేబులో దొరికితే, అతను మొదటి టీకా ఏ రోజు వేయించుకున్నాడో లెక్క కట్టవచ్చు, కాటు ఆ రోజుకో అంతకు ముందో పడి ఉండాలి.

రాసే మనిషి రోజు

అగాథా క్రిస్టీ 1937లో ఒక నవలని తన టెర్రియర్ పీటర్‌కి అంకితం ఇచ్చింది. మిస్టరీ రాసేవాళ్ళకి కుక్కలతో ఈ దగ్గరితనం ఊరికే రాలేదు. ఇంట్లో కుక్క ఉంటే రోజుకి ఒక టైము పడుతుంది, నవల పూర్తవ్వాలంటే కావలసింది అదే.

నెల్లూరు ఎండల్లో ఆ టైము కుక్కే నిర్ణయిస్తుంది. వేసవిలో ఉదయం అయిదున్నరకి బయల్దేరి ఏడులోపు తిరిగి రావాలి. అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. ఆ నడకలో నిన్న ఎక్కడ ఆపారో అక్కడి నుంచి తర్వాతి సీను తేల్చుకోవాలి, వాక్యాలు కాదు, ఎవరికి ఏం తెలుసన్నది మాత్రమే. ఏడు నుంచి పది దాకా రాత. రోజుకి 600 పదాలు పడితే 75 రోజులకి 45,000, ఒక మోస్తరు నవల. మధ్యాహ్నం కుక్క పడుకుంటుంది, నిన్నటి పేజీలు దిద్దుకునే వేళ. సాయంత్రం పిడుదులు ఏరడం, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో ముఖ్యంగా. దాని అన్నంలో ఉల్లి పడకూడదు, ద్రాక్ష, చాక్లెట్ దరిచేరనివ్వకూడదు, ఉడికిన కోడి ఎముక అసలే వద్దు, విరిగి గుచ్చుకుంటుంది.

రాత మొదలుపెట్టేముందు పది రాత్రుల పట్టిక తయారుచేయండి. మీ కుక్క గానీ వీధి కుక్క గానీ, ఎన్ని గంటలకి మొరిగింది, ఎవరికి, ఎంతసేపు, గాలి ఎటు, పక్కింట్లో ఏం చప్పుడు. పదో రాత్రికల్లా నమూనా కనబడుతుంది: పాలవాడికి మొరగదు, అదే పాలవాడు గొడుగు వేసుకొస్తే మొరుగుతుంది. పేపరు కుర్రాడు సైకిల్ మార్చిన రోజు మొరుగుతుంది. గొడుగు, హెల్మెట్, కుంటినడక, తలమీది మూట, ఇలా తెలిసినవాళ్ళే రూపం మారితే కుక్క మొరగడం మామూలు. "మొరిగింది కాబట్టి కొత్తవాడు" అన్న తీర్మానం కూడా ఇలా కూలిపోతుంది. ఈ పట్టిక లేకుండా రాసిన కుక్క అట్టముక్క.

కుక్క అలవాటుని కనీసం రెండుసార్లు, నేరానికి చాలా ముందు, వేరే పని మధ్యలో చూపించాలి. రెండో అధ్యాయంలో గొడుగు చూసి మొరిగిందని నవ్వుకుంటూ చెప్పుకున్న ముచ్చట, పద్దెనిమిదో అధ్యాయంలో సాక్ష్యంగా మారాలి. చివర్లో హఠాత్తుగా "ఈ కుక్కకి గొడుగంటే పడదు" అంటే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. రంగుల విషయంలో జాగ్రత్త. కుక్క కళ్ళకి నీలం, పసుపు తేడా తెలుస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఒకేలా ఉంటాయి. ఎర్ర చీర చూసి మీదపడింది అని రాయకండి. వీధి కుక్క చెవి కొసన గాటు ఉంటే అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలినది, ఆ గాటుతో ఒక కుక్కని ఇంకో కుక్క నుంచి గుర్తుపట్టించవచ్చు.

మొత్తం అయ్యాక ఒక పచ్చ పెన్ను తీసుకుని కుక్క కోసమే రాతప్రతి మళ్ళీ చదవండి. ప్రతి సీనులో అది ఎక్కడుంది, కట్టేసి ఉందా, గొలుసు పొడవెంత, ఎవరి వాసన దానికి తెలుసు, మార్జిన్లో రాసుకుంటూ పోండి. సగం రాతప్రతుల్లో అది నాలుగో అధ్యాయంలో మాయమై పదిహేడులో మళ్ళీ వస్తుంది. ఇంకొకటి తప్పకుండా చూడండి: యజమాని పోయిన మూడో రోజు కుక్కకి అన్నం ఎవరు పెడుతున్నారు? ఆ ఇంట్లో ఎవరి చేతి ముద్ద అది తింటోంది, ఎవరు పెడితే వాసన చూసి పక్కకి తిరిగిపోతోంది, ఆ పేజీ రాసి ఉందో లేదో చూసుకోండి.